వీబీ6లో రాసిన మిల్లు సాఫ్ట్‌వేర్‌ని ఇప్పుడు దేనిలోకి మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు నరసన్నపేటలో ఉంటూ చాలా ఏళ్లుగా రైస్ మిల్లులకీ పలాస జీడి ఫ్యాక్టరీలకీ వీబీ6లో (మైక్రోసాఫ్ట్ పాత విజువల్ బేసిక్ 6లో) సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నారు. వెనకాల యాక్సెస్ డేటాబేస్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి క్లయింట్లు మెషీన్లు మారుస్తున్నారు. ఒక మిల్లు షావుకారు పాత కంప్యూటర్లు పారేయడం ఇష్టం లేక లినక్స్ వేయించారు. ఇంకొకాయన కొడుకు వైజాగ్‌లో కూర్చుని మ్యాక్‌బుక్‌లో లెక్కలు చూస్తానంటున్నాడు. అన్నిటి మీదా నడిచే టూల్ ఒకటి చెప్పండి, ఈ వయసులో కొత్త భాష తప్పదా, బేసిక్ లాగే ఉంటుంది కదా అని జోజో అనే టూల్ కొంటే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. రాసేదీ, రేపు రిపేరు చేసేదీ మీరొక్కరే అయితే లాజరస్ (పాస్కల్ భాషతో ఫారాలు గీసే ఉచిత టూల్) తీసుకోండి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని పెట్టుకుని, మీ తర్వాత కూడా ఈ పని నడవాలనుకుంటే సీ షార్ప్ భాష, దాని మీద స్క్రీన్లు గీయడానికి అవలోనియా. జోజో చెడ్డదేం కాదు, కానీ మీ పరిస్థితిలో నేను కొనను. ఎందుకో కింద రాశాను. ఏది తీసుకున్నా ముందు చేయాల్సింది ఒకటే: డేటాని యాక్సెస్ నుంచి బయటికి తీయడం.

నేను విజయనగరంలో ఉంటాను. చేసేది మీలాంటి పనే: మిల్లులు, హోల్‌సేల్ కిరాణా, కొన్ని జీడి యూనిట్లు.

మొదట కంగారు తగ్గించుకోండి. వీబీ6 ప్రోగ్రాములు విండోస్ 11లో ఆగిపోవు. 1998లో వచ్చిన ఆ ఐడీఈకి (కోడ్ రాసే ప్రోగ్రాంకి) సపోర్ట్ 2008 ఏప్రిల్‌లోనే ముగిసింది, నిజమే. కానీ ప్రోగ్రాం నడవడానికి కావలసిన రన్‌టైమ్ ఇప్పటికీ విండోస్‌తోపాటే వస్తోంది. మనల్ని ఏడిపించేవి దాని చుట్టాలు. ఫ్లెక్స్‌గ్రిడ్, ఎంఎస్‌కామ్ లాంటి ఓసీఎక్స్ ఫైళ్లు, అంటే ఫారం మీద పెట్టుకునే అదనపు కంట్రోళ్లు, విండోస్‌తో రావు. మనమే తీసుకెళ్లి సిస్‌వావ్64 ఫోల్డర్‌లో పెట్టి రిజిస్టర్ చేయాలి. యాక్సెస్ తెరిచే జెట్ 4.0 డ్రైవర్ 32-బిట్‌లోనే ఉంది, అందుకని రేపు మీరు కొత్త ప్రోగ్రాం 64-బిట్‌లో కంపైల్ చేస్తే ఆ డ్రైవర్‌తో పాత ఎండీబీ (యాక్సెస్) ఫైలు తెరుచుకోదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, టూల్ బాలేదనుకుని ఇంకో టూల్‌కి పోతారు.

లినక్స్ వేయించిన షావుకారికి కూడా ప్రస్తుతానికి దారి ఉంది. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపే వైన్ అనేది పెడితే అందులో వీబీ6 ఎక్జీలు బాగానే నడుస్తాయి. ఉత్త బిల్లింగ్ ఉన్నచోట నేను అలాగే నడిపాను. కాటా తగిలించిన మెషీన్‌లో మాత్రం వద్దు, టెన్షన్ పడలేం. మొత్తానికి మీకు ఏడాదో రెండేళ్లో టైముంది. అంతలో నెమ్మదిగా తేల్చుకోవచ్చు.

ఇక ఎంపిక సంగతి. టూల్స్ గురించి రాసేవాళ్లు భాష గురించీ, స్పీడ్ గురించీ ఎక్కువ రాస్తారు. ఫారం గీసి సేవ్ బటన్ పెట్టడం ఏ టూల్‌లోనైనా అవుతుంది. మన దగ్గర టూల్ ఫెయిలయ్యేది వేరే చోట్ల. కాటా నుంచి బరువు రావాలి. డాట్ మ్యాట్రిక్స్‌లో స్లిప్ పడాలి. రైతు పేరు తెలుగులో సరిగ్గా కనపడాలి. గుమాస్తా మౌస్ ముట్టకుండా ఎంట్రీ కొట్టగలగాలి. రూపాయి తేడా రాకూడదు. ఈ ఐదూ మీరు అనుకుంటున్న టూల్‌లో ముందు చేసి చూడండి, ఆ తర్వాతే మిగతా స్క్రీన్లు.

కాటా. వే బ్రిడ్జి ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) నుంచి వచ్చేది అదే పాత ఆర్‌ఎస్-232 సీరియల్ సిగ్నల్. వీబీ6లో ఎంఎస్‌కామ్ కంట్రోల్ ఫారం మీద పడేస్తే అయిపోయేది. సీ షార్ప్‌లో సీరియల్‌పోర్ట్ క్లాస్ ఉంది, లాజరస్‌లో సైనాసెర్ అనే లైబ్రరీ వాడతాం. రెండూ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తాయి. తేడా ఎక్కడంటే, ఇండికేటర్ బరువుని ఆపకుండా పంపుతూనే ఉంటుంది. మీరు చదివిన క్షణానికి సగం స్ట్రింగ్ ఉండొచ్చు. 14,260 కేజీల లారీ 4,260 అని పడిపోయే ప్రమాదం అక్కడే. చాలా ఇండికేటర్లు ప్రతి రీడింగ్‌కీ ముందు 2వ నంబరు కంట్రోల్ అక్షరం, చివర 3వ నంబరుది పంపుతాయి. కొన్ని ఎంటర్ అక్షరంతో ముగిస్తాయి. వచ్చిందంతా ఒక బఫర్‌లో వేసుకుని, మొదలూ చివరా రెండూ దొరికిన ముక్కనే తీసుకోవాలి. వరసగా కొన్ని రీడింగులు ఒకటే వచ్చాకే సేవ్ బటన్ వెలగాలి. ఇది వేరే థ్రెడ్‌లో నడవాలి. లేకపోతే లారీ కాటా మీద ఉన్నంతసేపూ స్క్రీన్ బిగుసుకుపోతుంది.

కొత్త మెషీన్లలో సీరియల్ పోర్ట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ వాడతాం. అక్కడ రెండు గోతులున్నాయి. పీఎల్2303 చిప్ పాత రకాలకి విండోస్ 11లో డ్రైవర్ పనిచేయదు, పసుపు గుర్తు చూపిస్తుంది. కేబుల్ మార్చడమే. లినక్స్‌లో సీహెచ్340 చిప్ కేబుల్‌ది ఇంకో కథ. బొబ్బిలి వైపు ఒక మిల్లులో ఉబుంటు 22.04 వేశాక కేబుల్ గుచ్చగానే పోర్ట్ వస్తుంది, రెండు సెకన్లలో మాయమైపోతుంది. కేబుల్ మార్చాం, సాకెట్ మార్చాం, అదే తంతు. చివరికి లాగ్ ఫైలులో కనపడింది: అంధుల బ్రెయిలీ పరికరాల కోసం బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఉబుంటులో ముందే ఉంటుంది. అది ఈ చిప్‌ని చూసి తన పరికరమే అనుకుని లాగేసుకుంటోంది. దాన్ని తీసేస్తే కాటా నడిచింది. యూజర్‌ని ‘డయలౌట్’ గ్రూప్‌లో చేర్చడం కూడా మర్చిపోకండి, చేర్చకపోతే పర్మిషన్ లేదంటుంది. ఏ టూల్ తీసుకున్నా ఈ గొడవలు ఒకటే. టూల్‌ని తిట్టే ముందు ఇవి చూసుకోవాలి.

ప్రింటర్. దీని గురించి క్లుప్తంగానే చెప్తాను. డాట్ మ్యాట్రిక్స్‌కి మనం పంపేది ఉత్త టెక్స్టూ, ఎస్కేప్ కోడ్‌లూ. విండోస్‌లో స్పూలర్‌కి ‘రా’ పద్ధతిలో (మార్చకుండా ఉన్నదున్నట్టు) పంపాలి, లినక్స్‌లో కప్స్ అనే ప్రింటింగ్ ప్రోగ్రాంలో రా క్యూ పెట్టుకోవచ్చు. బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ నేరుగా ఈ పని చేయలేదు, ప్రింట్ డైలాగ్ వచ్చి కూర్చుంటుంది, స్లిప్ గ్రాఫిక్స్‌లో నిదానంగా పడుతుంది. కోతల సీజన్లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే అది కుదరదు. దీనికోసం పక్కన చిన్న హెల్పర్ ప్రోగ్రాం రాయొచ్చు కానీ, అప్పుడు మీరు చూసుకోవాల్సినవి ఒకటికి రెండవుతాయి.

తెలుగు. మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ మీ డేటాలో కచ్చితంగా ఉంటుంది. వీబీ6 లోపల స్ట్రింగ్ యూనికోడే అయినా దాని టెక్స్ట్‌బాక్సులూ లేబుళ్లూ పాత కోడ్‌పేజీల మీద నడుస్తాయి. తెలుగుకి అలాంటి కోడ్‌పేజీ లేదు కాబట్టి యూనికోడ్ తెలుగు పెడితే ప్రశ్నార్థకాలు పడతాయి. అందుకే మనందరం ఆ రోజుల్లో అను ఫాంట్లు పెట్టి పని కానిచ్చాం. స్క్రీన్ మీద ‘బొడ్డేపల్లి’ అని కనపడినా టేబుల్‌లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలిసిన పిచ్చి వరస. కొత్త టూల్‌లో ఆ ఫీల్డ్ తెరిస్తే కనిపించేది అదే.

కాబట్టి మార్పిడి సమయంలో ప్రతి పేరునీ యూనికోడ్‌లోకి తేవాలి. కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ ఫాంట్ వెర్షన్‌ని బట్టి కొన్ని ఒత్తులు తారుమారవుతాయి. నేను చేసే పద్ధతి: విడివిడి పేర్ల జాబితా ఒకటి తీస్తాను, వందల రైతులున్నా ఇంటిపేర్లు, ఊరిపేర్లు అవే తిరిగి తిరిగి వస్తాయి. ఆ జాబితాని మార్చి, ప్రింట్ తీసి, మిల్లులో పాత గుమాస్తా చేతిలో పెడతాను. ఆయన గంటలో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఇస్తాడు. ఏ కన్వర్టరూ ఆయనకి సాటిరాదు.

చూపించడంలో కూడా పరీక్ష ఉంది. కొత్త టూల్‌లో ఒక లేబుల్ మీద ‘ఇచ్ఛాపురం’, ‘శ్రీకాకుళం’, ‘స్వాతంత్ర్యం’ అని మూడు మాటలు రాసి చూడండి. స్క్రీన్ మీద లాజరస్, అవలోనియా, క్యూట్ (స్క్రీన్లు గీసే ఇంకో లైబ్రరీ) అన్నీ సరిగ్గానే చూపిస్తాయి. అసలు పరీక్ష పీడీఎఫ్‌లో. చాలా పీడీఎఫ్ లైబ్రరీలకి మన ఒత్తులు కూర్చడం రాదు, ‘శ్రీ’ కాస్తా శ, ర, గుడిదీర్ఘం విడివిడిగా పక్కపక్కన పడతాయి. డెమోలో ఇంగ్లీషు బిల్లు చూసి మురిసిపోయి, సంతకాలయ్యాక ఇది బయటపడిన ప్రాజెక్టులు నాకు తెలుసు. నేను తెలుగు రిపోర్టుల వరకూ హెచ్‌టీఎంఎల్ తయారుచేసి క్రోమ్ చేత పీడీఎఫ్ చేయిస్తాను. స్టైలుగా ఉండదు, కానీ అక్షరం చెడదు. కాటా స్లిప్ మీద మాత్రం తెలుగు హెడ్డింగులు ముందే అచ్చేయించి, ప్రింటర్‌తో అంకెలూ ఇంగ్లీషూ కొట్టించండి. డాట్ మ్యాట్రిక్స్ సొంత ఫాంట్లలో తెలుగు లేదు.

కీబోర్డు. జీడి ఫ్యాక్టరీలో కటింగ్ కూలీల ఎంట్రీ ఎలా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. టోకెన్ నంబరు, ఎంటర్, కేజీలు, ఎంటర్, పగిలిన ముక్కల బరువు, ఎంటర్, తర్వాతి లైను. అమ్మాయి తల ఎత్తి స్క్రీన్ చూడదు, కాగితం మీదే కళ్లుంటాయి. మన వీబీ6 ఫారాల్లో ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోయేలా రాసుకున్నాం. ఫ్లట్టర్ లాంటివి ఫోన్ కోసం పుట్టినవి, డెస్క్‌టాప్‌కి తర్వాత వచ్చాయి. విండోస్‌కి 2022 ఫిబ్రవరిలో, లినక్స్‌కి, మ్యాక్‌కి అదే ఏడాది మే నెలలో స్థిరమైన రూపం వచ్చింది. అందులో బొమ్మలా ఉండే స్క్రీన్ తొందరగా వస్తుంది కానీ ఇలాంటి గ్రిడ్ ఎంట్రీ చేయించాలంటే ఫోకస్‌తో కుస్తీ పట్టాలి. వెబ్ పేజీలో కూడా అదే అవస్థ. విజయనగరంలో ఒక హోల్‌సేల్ షాపులో బయటి కంపెనీ ఒకటి చక్కటి వెబ్ సాఫ్ట్‌వేర్ పెట్టింది. గుమాస్తా కొన్నాళ్లు చూసి, పగలంతా పాత వీబీ6లో బిల్లులు కొట్టి, సాయంత్రం ఓనరు చూస్తాడని కొత్తదాంట్లో టోటల్ ఒక్కటే ఎక్కించేవాడు. తప్పు ఆయనది అని నేను అనను. లాజరస్ స్ట్రింగ్‌గ్రిడ్‌లో ఎంటర్, బాణం కీలు, ఎఫ్2 మనకి అలవాటైనట్టే కుదురుతాయి. అవలోనియాలో కొంచెం రాయాలి, కానీ అవుతుంది.

పైసలు. వీబీ6 కరెన్సీ టైప్ నాలుగు దశాంశాల దాకా ఖచ్చితంగా పట్టుకునేది. లాజరస్‌లో అదే పేరుతో, అదే పద్ధతిలో కరెన్సీ ఉంది. సీ షార్ప్‌లో డెసిమల్ ఉంది. జావాస్క్రిప్ట్‌లోనూ, ఫ్లట్టర్ వాడే డార్ట్‌లోనూ విడిగా డెసిమల్ టైప్ లేదు, మామూలు సంఖ్యల్లో 0.1కి 0.2 కలిపితే 0.3కి చివర చిన్న తోక తగులుతుంది. మొత్తం పైసల్లో పూర్ణాంకంగా దాచుకుంటే దాన్ని దాటొచ్చు.

అంతకన్నా దొంగ సమస్య రౌండింగ్. వీబీ6లో రౌండ్ ఫంక్షన్‌కి 1262.50 ఇస్తే 1262 వస్తుంది, 1263.50 ఇస్తే 1264 వస్తుంది. సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరి సరి సంఖ్యకి పోతుంది. అదే ఫార్మాట్ ఫంక్షన్‌తో చూపిస్తే 1263 అని చూపిస్తుంది. అంటే మీ పాత ప్రోగ్రాంలోనే లెజ్జర్‌కీ బిల్లుకీ అప్పుడప్పుడూ రూపాయి తేడా ఉండొచ్చు. కొత్తదాంట్లో లాజరస్ రౌండ్, సీ షార్ప్ మ్యాథ్ రౌండ్ మామూలుగా 1262 ఇస్తాయి. జావాస్క్రిప్ట్ 1263 ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో న్యూమరిక్ కాలమ్‌ని రౌండ్ చేసినా 1263. ప్రోగ్రాంలో ఒకచోట, క్వెరీలో ఇంకోచోట రౌండ్ చేస్తే ఒకే బిల్లుకి రెండు మొత్తాలు. ఆడిటర్ ఫోన్ చేసేది దీనికోసమే. రౌండింగ్ ఒక్క ఫంక్షన్‌లో రాసి, అన్నిచోట్లా దాన్నే పిలవండి. ఏ పద్ధతో షావుకారు ఆడిటర్‌ని అడిగి రాయించుకోండి.

ఇప్పుడు టూల్స్ ఒక్కొక్కటీ.

లాజరస్ ఎందుకంటే, ఫారం, ప్రాపర్టీల కిటికీ, బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఈవెంట్ కోడ్, ఇవన్నీ మీరు ఎక్కడ వెతుకుతారో అక్కడే ఉంటాయి. ఉచితం, సోర్స్ ఓపెన్, మీరు రాసినదాన్ని డబ్బుకి అమ్ముకోవచ్చు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ నేరుగా ఎక్జీ లాంటి ఫైలే వస్తుంది, పక్కన పెద్ద రన్‌టైమ్ మోయక్కర్లేదు. పాత మెషీన్లలో హాయిగా నడుస్తుంది. ఇంకో చిన్న సుఖం: యాక్సెస్‌లో తేదీలు 1899 డిసెంబర్ 30 నుంచి లెక్కపెట్టిన రోజులుగా ఉంటాయి కదా, పాస్కల్‌లో కూడా లెక్క అక్కడి నుంచే.

భాష పాస్కల్. వయసు గురించి బెంగ పడకండి. బిగిన్, ఎండ్, సెమీకోలన్, రెండు చుక్కల సమానం గుర్తుకి చేయి అలవాటు పడడానికి కొన్ని వారాలు చాలు. ఇబ్బంది పెట్టేవి రెండు. ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అని పెట్టి తప్పులు మింగేసే అలవాటు ఇక్కడ కుదరదు, ట్రై, ఎక్సెప్ట్ రాయాలి. మీరు కోడ్‌లో సృష్టించిన ఆబ్జెక్ట్‌ని మీరే ఫ్రీ చేయాలి, వీబీ6లాగ దానంతటదే పోదు. రోజంతా ఆపకుండా నడిచే కాటా ప్రోగ్రాంలో ఇది మర్చిపోతే సాయంత్రానికి మెషీన్ మొరాయిస్తుంది.

లోపాలూ చెప్పాలి. రిపోర్ట్ టూల్స్ క్రిస్టల్ రిపోర్ట్స్ అంత సాఫీగా ఉండవు. లినక్స్‌లో జీటీకే2తో కాకుండా క్యూట్‌తో కంపైల్ చేసుకోండి. డాక్యుమెంటేషన్ ముక్కలుముక్కలుగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది, పాస్కల్ వచ్చిన కుర్రాడు మీకు దొరకడు. విజయనగరం జేఎన్‌టీయూలో చదివినా, రాజాంలో చదివినా పిల్లలు జావా, పైథాన్ నేర్చుకుని వస్తారు. పాస్కల్ నేర్చుకుంటే రేపు హైదరాబాద్‌లో ఉద్యోగానికి పనికొస్తుందా అని అడుగుతారు, మీ దగ్గర జవాబుండదు.

అందుకే రెండో దారి సీ షార్ప్. అది నడిచే డాట్‌నెట్ ఇప్పుడు లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. స్క్రీన్ల కోసం అవలోనియా వాడాలి, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ సొంత మావీకి లినక్స్ సపోర్ట్ లేదు, విన్‌ఫామ్స్ విండోస్‌కే. అవలోనియాలో వీబీ6లాగ మౌస్‌తో లాగి వదిలే డిజైనర్ ఉంటుందని ఆశపడకండి. స్క్రీన్‌ని ఎక్సామెల్ అనే మార్కప్‌లో రాసి పక్కన ప్రివ్యూ చూసుకోవాలి. ఆ పద్ధతికి అలవాటు పడడం నాకు సీ షార్ప్ నేర్చుకోవడం కన్నా కష్టమనిపించింది. వెర్షన్లు కూడా త్వరత్వరగా మారతాయి: 2023 నవంబర్‌లో వచ్చిన డాట్‌నెట్ 8కి సపోర్ట్ 2026 నవంబర్ దాకానే. మూడేళ్లకోసారి కదలాల్సిందే. క్లయింట్ దగ్గర ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఉంటేనే ఈ దారి గిట్టుబాటు.

వీబీ డాట్‌నెట్ అని సలహా ఇచ్చేవాళ్లు పేరు చూసి ఇస్తున్నారు. ఆ భాషని ఇక పెంచబోమని మైక్రోసాఫ్ట్ 2020 మార్చిలోనే చెప్పేసింది. వీబీ6 నుంచి మార్చే విజార్డ్‌ని విజువల్ స్టూడియో 2010లోనే తీసేశారు.

జోజో. పాత పేరు రియల్‌బేసిక్. భాష మీకు మొదటి రోజే చేతికొస్తుంది, డిజైనర్ బాగుంటుంది, మూడు డెస్క్‌టాప్‌లకీ బిల్డ్ అవుతుంది. రాసుకుని చూడటం ఉచితం, క్లయింట్‌కి ఇవ్వాలంటే లైసెన్స్ డాలర్లలో కొనాలి. కొన్న వెర్షన్ ఎప్పటికీ పనిచేస్తుంది, కొత్తవి కావాలంటే ఏటా కట్టాలి. డబ్బు కన్నా నా అభ్యంతరం వేరు. ఒక్క కంపెనీ చేతిలో ఉన్న బేసిక్‌ని నమ్ముకునే మనం ఈ పరిస్థితికి వచ్చాం. మళ్లీ ఇంకో కంపెనీ చేతిలో ఉన్న బేసిక్ ఎందుకు? అర్జెంటుగా ఒక చిన్న ప్రోగ్రాం మూడింటి మీదా నడపాలంటే మాత్రం దానంత తొందరగా ఏదీ అవదు.

పాస్కల్ వాడే డెల్ఫీ మంచిదే. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం కానీ ఏడాదికి 5,000 డాలర్ల ఆదాయం దాటకూడదు, ఆపైన లైసెన్స్ ఖరీదు మన మార్కెట్‌కి బరువు. ట్విన్‌బేసిక్ అనేది వీబీ6 కోడ్‌ని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకుని 64-బిట్ చేస్తుంది, విండోస్‌లోనే ఉండిపోయే క్లయింట్లకి దాన్ని ఒకసారి చూడండి. కానీ మీరడిగిన లినక్స్, మ్యాక్ అందులో ఇప్పటికి లేవు. బేసిక్ లాంటి గాంబాస్ లినక్స్‌కే. వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ ప్రోగ్రాం చేసే ఎలక్ట్రాన్, ప్రతి ప్రోగ్రాంతోనూ ఒక క్రోమియం బ్రౌజర్‌ని మోసుకొస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మిల్లు మెషీన్ మీద అది పెట్టడం పాపం.

మ్యాక్‌బుక్ కొడుకు సంగతి. నిజంగా ఆయనకి మ్యాక్ సాఫ్ట్‌వేర్ కావాలా? ఆయన కాటా వేయడు, బిల్లు కొట్టడు. రోజువారీ స్టాకు, రావలసిన బాకీలు, డబ్ల్యూ240, డబ్ల్యూ320 జీడిపప్పు గ్రేడులు ఎన్ని డబ్బాలున్నాయో చూస్తాడు. దానికోసం మ్యాక్ ప్రోగ్రాం తయారుచేస్తే ఏటా ఆపిల్‌కి 99 డాలర్లు కట్టి ప్రోగ్రాంని వాళ్ల చేత నోటరైజ్ (తనిఖీ ముద్ర) చేయించాలి, చేయించకపోతే తెరిచిన ప్రతి కొత్త వెర్షన్‌కీ మీకు ఫోన్ వస్తుంది. ఆఫీసు మెషీన్‌లోనే చూడటానికి మాత్రమే పనికొచ్చే చిన్న వెబ్ పేజీ పెట్టండి. మ్యాక్‌లోనూ చూస్తాడు, ఫోన్‌లోనూ చూస్తాడు. రౌటర్‌లో పోర్ట్ తెరిచి పెట్టకండి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ద్వారానే రానివ్వండి. ఇలా విడదీస్తే మీ క్రాస్ ప్లాట్‌ఫామ్ సమస్య విండోస్, లినక్స్ రెండింటికే తగ్గిపోతుంది.

అలాగని మొత్తం క్లౌడ్‌లో పెట్టేయమనే వాళ్ల మాట వినొద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటూ, నెట్టూ రోజుల తరబడి లేవు. నాకు తెలిసిన ఒక యూనిట్లో జనరేటర్ ఉంది, కంప్యూటర్ ఆన్ అయింది, కానీ లెక్కలు వేరేచోట సర్వర్‌లో ఉండిపోయాయి. కూలీలకి ఎవరికెంత ఇవ్వాలో కాగితాల మీద ఊహించి ఇచ్చారు. మన జిల్లాల్లో అసలు డేటా ఆఫీసులోనే ఉండాలి, నకలు రోజూ రాత్రి బయటికి పోవాలి.

చేసే వరస ఇలా పెట్టుకోండి. మొదట డేటా. ఒక్క మెషీన్ ఉన్నచోట ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు, రెండు మూడు కౌంటర్లుంటే పోస్ట్‌గ్రెస్. ఎస్‌క్యూలైట్ ఫైలుని మాత్రం ఎండీబీలాగ షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టకండి, నెట్‌వర్క్ మీద లాకింగ్ నమ్మదగింది కాదు. తేదీలు తీసేటప్పుడు జాగ్రత్త, జెట్ క్వెరీల్లో 03/04 అంటే మార్చి 4, మీ స్క్రీన్ మీద అది ఏప్రిల్ 3. ఏడాది, నెల, రోజు వరసలో ఎగుమతి చేస్తే గొడవుండదు. తర్వాత వీబీ6 ప్రోగ్రాంనే కొత్త డేటాబేస్‌కి ఓడీబీసీ అనే డేటాబేస్ డ్రైవర్ ద్వారా కలపండి. దీన్ని చాలామంది ఆలోచించరు. పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం ఒకే డేటా మీద పక్కపక్కన నడుస్తాయి కాబట్టి స్క్రీన్లు ఒక్కొక్కటే మార్చుకోవచ్చు. ఓడీబీసీ ద్వారా పోయినా వీబీ6 యూనికోడ్ చూపించలేదు కనుక, పాత స్క్రీన్లు పూర్తిగా పోయేదాకా పేర్లకి అను కాలమ్ ఒకటి, యూనికోడ్ కాలమ్ ఒకటి రెండూ ఉంచండి.

స్క్రీన్లలో మొదట రిపోర్టులు మార్చండి. అవి డేటాని పాడుచేయవు, పాతవాటితో పోల్చి చూసుకోవచ్చు. మిల్లులో సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యం ఆడించి తిరిగిచ్చే బియ్యం) లెక్క మంచి పరీక్ష: పచ్చి బియ్యానికి క్వింటా ధాన్యానికి 67 కేజీలు, ఉప్పుడు బియ్యానికి 68 కేజీల చొప్పున పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ సీజన్ మొత్తానికి కేజీతో సహా కలవాలి. మాస్టర్లు (పేర్లు, సరుకుల జాబితాల స్క్రీన్లు) ఆ తర్వాత. కాటా ఎంట్రీ అన్నిటికన్నా చివర, అదీ ఖరీఫ్ ధాన్యం వచ్చే నవంబర్, జనవరి మధ్య ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. జీడి ఫ్యాక్టరీలకైతే కొత్త పిక్కలు దిగే వేసవి నెలలు వదిలేయండి.

మీ చేతిలో ఉన్న పాత సోర్స్‌ని ఆటోమేటిక్‌గా మార్చే టూల్స్ జోలికి పోవద్దని నా సలహా. కంపైల్ అయ్యే కోడ్ వస్తుంది, కానీ అది మీకూ అర్థం కాదు, వచ్చే కుర్రాడికీ అర్థం కాదు.

ఈ వారం మీరు చేయగలిగింది ఒకటుంది. లినక్స్ వేయించిన మిల్లుకి వెళ్లి, లాజరస్‌లో ఒకే ఒక్క ఫారంతో కాటా బరువు చదివి, ఒక రైతు పేరు తెలుగులో చూపించి, స్లిప్ కొట్టించండి. అది నడిస్తే మీ దారి తేలినట్టే. కాటా దగ్గర ఇరుక్కుంటే ఇండికేటర్ మోడల్, బాడ్ రేటు (డేటా పంపే వేగం), అది పంపే డేటా ఒక నిమిషంపాటు ఫైలులో పట్టి ఇక్కడే కింద పెట్టండి. స్ట్రింగ్ ఎలా విడగొట్టాలో చూసి చెప్తాను.